కుక్కలూ పిల్లులూ ఉన్న ఇంటికి వాక్యూమ్ క్లీనర్ ఎంపిక

పల్లెలో కుక్క వాకిటి కాపరి. అరుగు కిందనో, పశువుల కొట్టం పక్కనో పడుకొనేది. దాని బొచ్చు గాలికి ఎగిరిపోయేది, వానకు కొట్టుకుపోయేది. దానిని గురించి ఎవరూ తలచవలసిన అవసరం ఉండేది కాదు. కుప్పం, చిత్తూరు ప్రాంతాల నుంచి గాని, ఇంకా దూరం నుంచి గాని వచ్చి కడత్తూరులోనో ధర్మపురిలోనో అద్దె ఇండ్లలో కాపురముంటున్న కుటుంబాలకు వాకిలి మూడడుగుల వసారాగా కుదించుకుపోయింది. కుక్క లోపలికి వచ్చింది. పిల్లి మంచమెక్కింది. వాటితోపాటు బొచ్చు కూడ పరుపుల మీదికి, సోఫా కుట్ల లోనికి, ఒక్కొక్కప్పుడు సాంబారు గిన్నెలోనికి వచ్చింది.

ఇటువంటి ఇంటిలో బిడ్డకు రాత్రివేళ ఆయాసం మొదలైతే తగవు తప్పదు. (ఉబ్బసంలో వినిపించే ఈలవంటి ధ్వనికి తెలుగువారు పిల్లికూతలని పేరు పెట్టినది నిజమైన పిల్లిని ఉద్దేశించి కాదు.) అవ్వ "దాన్ని ఆ బొమ్మిడి స్టేషన్ కాడ విడిచిపెట్టి రా నాయనా" అంటుంది. బిడ్డ అన్నం మానేస్తాడు. తండ్రి అంగడికి వెళ్లి వాక్యూమ్ క్లీనర్ ధర విచారిస్తాడు. అవ్వ మాటలోని మొదటి చిక్కు చట్టానిది: పెంచిన జంతువును ఆకలిదప్పులకు గురయ్యేట్లు తగిన కారణం లేకుండా వదలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ విభాగం కింద నేరం. రెండవ చిక్కు వైద్యానిది, అది కిందనే వస్తుంది. ఇక తండ్రి కొనదలచిన యంత్రం ఆ తగవును తీర్చగలదా? కొంతవరకు తీర్చగలదు. సరిగా ఎన్నుకోకపోతే మునుపటికంటె చెడగొట్టనూగలదు.

బొచ్చు వేరు, పొట్టు వేరు

ఇంటివారిని విసిగించేది బొచ్చు. బిడ్డ ఊపిరిని బిగపట్టేది అది కాదు. పిల్లి వల్ల కలిగే అలర్జీకి ప్రధాన కారకమైన మాంసకృత్తిని శాస్త్రజ్ఞులు ఫెల్ డి 1 అని, కుక్కకు సంబంధించిన దానిని కాన్ ఎఫ్ 1 అని వ్యవహరిస్తారు. ఫెల్ డి 1 పిల్లి లాలాజలంలోను, చర్మంలోని తైలగ్రంథులలోను పుడుతుంది. పిల్లి ఒళ్లు నాకుకొన్నప్పుడు బొచ్చుకు అంటి, ఎండి, చర్మపు పొట్టుతో కలిసి రాలుతుంది. ఈ రేణువులలో కొన్ని మనిషి తలవెంట్రుక మందంలో పదోవంతుకు మించవు. అవి గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటాయి. గోడలకు, బట్టలకు, పరుపులకు అంటుకొంటాయి.

పిల్లిని ఇంటి నుంచి పంపివేసిన తరువాత కూడ ఈ కారకం పిల్లి లేని ఇంటి స్థాయికి దిగడానికి నాలుగైదు నెలలు, కొన్ని ఇండ్లలో అంతకంటె ఎక్కువ కాలం పడుతుందని పరిశోధనలలో తేలింది. కనుక అవ్వ సలహాను పాటించినా మరుసటి రాత్రికే బిడ్డ హాయిగా నిద్రపోతాడన్న భరోసా లేదు.

ఇక్కడే కొనుగోలుదారు ప్రధానంగా గ్రహించవలసిన విషయం ఉన్నది. బొచ్చును పీల్చడం ఏ యంత్రానికైనా సులభమే. పొట్టును పీల్చడం కూడ అంత కష్టం కాదు. పీల్చిన పొట్టును లోపలనే పట్టి ఉంచడమే కష్టం. వాక్యూమ్ క్లీనర్ ముందువైపు నుంచి ఎంత గాలిని పీల్చుతుందో వెనుకవైపు నుంచి అంత గాలినీ విడిచిపెట్టాలి. మధ్యనున్న వడపోత బలహీనమైనదైతే బొచ్చు డబ్బాలో ఉండిపోతుంది, సన్నని పొట్టు వేగంగా వెలుపలికి చిమ్మబడుతుంది. నేల మెరుస్తుంది, గది గాలి చెడుతుంది. చీపురుతో ఊడ్చినప్పుడు నేలమీద అణగి ఉన్న పొట్టును యంత్రంతో ముక్కు ఎత్తుకు లేపినట్లవుతుంది.

ఈ పట్టి ఉంచే సమస్య యంత్రమంత పాతది. ఇంగ్లండు ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్ 1901లో తన యంత్రానికి హక్కుపత్రం పొందాడు. అప్పటికి వాడుకలో ఉన్న శుభ్రపరిచే యంత్రాలు కొన్ని దుమ్మును ఊదేవి. ఊదే బదులు పీల్చితే ఏమవుతుందో చూడదలచి బూత్ ఒక భోజనశాలలో కుర్చీ మీద చేతిరుమాలు పరిచి, దానిమీద నోరు పెట్టి పీల్చాడు; రుమాలు అడుగున దుమ్ము పొరగా నిలిచింది. ఆ రుమాలే మొదటి వడపోత. కొద్ది సంవత్సరాల తరువాత అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కాంటన్ నగరంలో జేమ్స్ మరే స్పాంగ్లర్ అనే కాపలాదారు, ఊడ్చేటప్పుడు లేచే దుమ్ముతో తన ఉబ్బసం ముదరడం చూచి, ఫ్యాను మోటారుకు తలగడ గలీబును తగిలించి చేతితో మోయదగిన యంత్రాన్ని రూపొందించాడు. 1908లో హక్కుపత్రం వచ్చింది. ఆ హక్కులను కొన్న హూవర్ కుటుంబం పేరే తరువాత ఇంగ్లండులో ఆ పనికి క్రియాపదమై కూర్చున్నది. తలగడ గలీబు బొచ్చును ఆపుతుంది, పొట్టును ఆపదు. ఈనాటికీ చవకరకం యంత్రాలలో కనిపించే గుడ్డసంచి ఆ గలీబుకు దగ్గరి చుట్టమే.

హెపా అన్న మాట

సన్నని రేణువులను ఆపే వడపోతకు హెపా అని పేరు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అణుపరిశోధనశాలల గాలిని శుద్ధి చేయడానికి ఇది రూపుదిద్దుకొన్నది. అమెరికా ప్రమాణం ప్రకారం 0.3 మైక్రాన్ రేణువులలో 99.97 శాతాన్ని ఆపాలి. ఐరోపా ప్రమాణంలో హెచ్ 13 తరగతి వడపోత, ఆపడానికి అన్నిటికంటె కష్టమైన పరిమాణం గల రేణువులలో 99.95 శాతాన్ని ఆపాలి. పెట్టె మీద ఈ అంకె గాని తరగతి గాని అచ్చయి ఉన్నదా అని చూడాలి. "హెపా టైప్", "హెపా వంటిది" అన్న మాటలకు ఏ ప్రమాణమూ ఆధారం కాదు. అవి అచ్చువేసినవారి ఉత్సాహాన్ని మాత్రమే తెలుపుతాయి.

వడపోత మంచిదైనంత మాత్రాన సరిపోదు. డబ్బా మూతకు, శరీరానికి మధ్యనున్న రబ్బరు పట్టీ సందు ఇస్తే గాలి వడపోతను తప్పించుకొని ఆ దారినే పోతుంది. అంగట్లో యంత్రాన్ని నడిపించి, అతుకుల వెంబడి తడి చేతిని మెల్లగా పోనిస్తే తెలిసిపోతుంది: గాలి బయటికి రావలసిన జాలీ దగ్గర తప్ప మరెక్కడా చేతికి తగలకూడదు. ఇంటికి తెచ్చిన తరువాత రాత్రి దీపాలార్పి, చిటికెడు గోధుమపిండిని పీల్పించి, వెనుకనుంచి వచ్చే గాలికి అడ్డంగా టార్చి వెలుగు పట్టి చూడవచ్చు. వెలుగులో పొగవంటి ధార కనిపిస్తే వారంటీ గడువులోనే దుకాణానికి తిరిగి వెళ్లవలసినదే.

సంచి ఉన్న యంత్రమా, డబ్బా యంత్రమా అన్నది తరువాతి ప్రశ్న. ఉబ్బసం ఉన్నవారికి మూతపడే కాగితపు సంచి గల యంత్రం శ్రేష్ఠం. నిండిన సంచిని అట్లాగే తీసి పారవేయవచ్చు, దుమ్ము తిరిగి లేవదు. కాని ఆ సంచులు కడత్తూరులో దొరుకుతాయా, సేలం నుంచి తెప్పించుకోవలసి ఉంటుందా అన్నది కొనకముందే విచారించాలి. దొరకని సంచి కోసం పాతదానిని దులిపి మళ్లీ వాడితే దానివల్ల కలిగిన లాభమంతా ఆ ఒక్క దులుపుతో పోతుంది. డబ్బా యంత్రం కొన్నవారు డబ్బాను ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకొని, అలర్జీ లేనివారి చేత ఖాళీ చేయించాలి.

వాట్ల మోసం

దుకాణంలో మొదట వినిపించే అంకె వాట్లు. "సార్, ఇది 1,600 వాట్లు, అది 1,200 మాత్రమే" అంటారు. వాట్లు యంత్రం తినే విద్యుత్తును తెలుపుతాయి గాని చేసే పనిని కాదు. ఎక్కువ తినే ఎద్దు ఎక్కువ దున్నుతుందన్న నియమమేమీ లేదు. ఐరోపా సమాఖ్య 2014 సెప్టెంబరులో గృహోపయోగ వాక్యూమ్ క్లీనర్ల శక్తిని 1,600 వాట్లకు, 2017 సెప్టెంబరులో 900 వాట్లకు పరిమితం చేసింది. తయారీదారులు మోటారును, గాలిమార్గాన్ని మెరుగుపరచి తక్కువ వాట్లతోనే నేలలను శుభ్రం చేసే యంత్రాలను తేగలిగారు.

ఆ వ్యవహారంలోనే మరొక పాఠం ఉన్నది. యంత్రాలపై అతికించే విద్యుత్ పొదుపు చీటీ కోసం జరిపే పరీక్షలు ఖాళీ సంచితో జరిగేవి. సంచి నిండేకొద్దీ పీల్పు తగ్గే యంత్రానికీ, తగ్గని యంత్రానికీ ఒకే మార్కులు పడుతున్నాయని డైసన్ సంస్థ న్యాయస్థానానికి వెళ్లింది. 2018 నవంబరులో ఐరోపా సాధారణ న్యాయస్థానం ఆ చీటీ నిబంధనను రద్దు చేసింది. దుకాణంలో కొత్త యంత్రంతో, ఖాళీ డబ్బాతో చూపే ప్రదర్శన కూడ అటువంటిదే. బొచ్చు డబ్బాను చాలా త్వరగా నింపుతుంది. అది బరువు లేకపోయినా మెత్తగా ఉబ్బి చోటంతా ఆక్రమిస్తుంది. కనుక డబ్బా ఎన్ని లీటర్లదో, సగం నిండిన తరువాత పీల్పు ఎట్లా ఉంటుందో అడగడం మంచిది. పాస్కల్ అంకె గాలిని లాగే బిగువును, సెకనుకు లీటర్ల అంకె కదిలే గాలి పరిమాణాన్ని చెబుతాయి. రెండూ ఉంటేనే అర్థమున్నది. బొచ్చును మోసుకుపోయేది రెండవదే.

వాట్లను చూడవలసినది మరొక కారణం చేత. 1,400 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్లకు కొంచెం పైగా తీసుకొంటుంది. అద్దె ఇంటి గోడలకు మామూలుగా ఉండే చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లదే. అంతకు మించిన యంత్రాన్ని గ్రైండరుకో గీజరుకో ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించాలి, అందువల్ల తీగ పొడవు కూడ చూచుకోవాలి. బిల్లు భయం అంతగా అక్కరలేదు. వెయ్యి వాట్ల యంత్రాన్ని రోజూ పావుగంట నడిపితే రెండు నెలలకు 15 యూనిట్లవుతుంది. తమిళనాట గృహ వినియోగదారులకు రెండు నెలల లెక్కలో తొలి 100 యూనిట్లు ఉచితం.

నేలను బట్టి, బొచ్చును బట్టి

యంత్రాల గురించిన సలహాలలో పెక్కు చలిదేశాల తివాచీ ఇండ్లను దృష్టిలో పెట్టుకొని రాసినవి. అక్కడ బొచ్చు తివాచీ నూలులో చిక్కుకొంటుంది, గట్టి కుంచె తిరిగి దానిని లేపాలి. ఇక్కడి ఇండ్లలో టైల్సు, మొజాయిక్, ఎర్ర సిమెంటు, ఈ జిల్లాల గనులలో దొరికే గ్రానైటు. ఇటువంటి నేలపై గట్టి కుంచె వేగంగా తిరిగితే బొచ్చు దానికి అందకముందే ఎగిరి మంచం కిందికి పారిపోతుంది. మెత్తని గుడ్డ రోలరు గాని, కుంచెను ఆపివేసే మీట గాని ఉన్న యంత్రం మనకు తగినది. భవాని జంపఖానాలు, సోఫాలు, బూరుగుదూది పరుపులు ఉన్నవారికి చిన్న మోటారుతో తిరిగే చేతికుంచె అదనంగా అవసరం. నిజానికి బొచ్చు జంతువులున్న ఇంటిలో యంత్రం కంటె ఎక్కువ పని చేసేది ఈ చిన్న కుంచెయే.

జంతువును బట్టి కూడ ఎంపిక మారుతుంది. తమిళనాటి రాజపాళయం, చిప్పిపారై కుక్కల బొచ్చు పొట్టి. అది సూదులవలె జంపఖానా నేతలో దిగబడుతుంది, దానికి బలమైన పీల్పు కావాలి. వీధిలో పొమేరియన్ అని పిలువబడే స్పిట్జ్‌కు, పర్షియన్ పిల్లికి రెండు పొరల బొచ్చు. అది రోలరుకు తాడువలె చుట్టుకొంటుంది. చేతితో విప్పదీయదగిన రోలరు లేకపోతే వారానికొకసారి కత్తెర పట్టుకొని కూర్చోవలసి వస్తుంది. ఇంటి ఆడవారి పొడవైన తలవెంట్రుకలు కూడ ఇదే పని చేస్తాయి గాని ఆ నింద ఎప్పుడూ కుక్కకే పోతుంది. చలిదేశాలలో ఋతువు మారినప్పుడు బొచ్చు ఎక్కువగా రాలుతుంది. ఇంటిలో విద్యుద్దీపాల కింద బతికే జంతువులకు ఆ ఋతుభేదం చెరిగిపోయి ఏడాది పొడుగునా ఎంతోకొంత రాలుతూనే ఉంటుంది.

బ్యాటరీతో నడిచే కర్రరకం యంత్రం రోజువారీ పనికి అనువైనది. మేడమెట్లు ఎక్కించవచ్చు, కరెంటు పోయినా ఆగదు. అయితే పూర్తి పీల్పుతో నడిపితే చాలావాటిలో పది, పదిహేను నిమిషాలకే బ్యాటరీ ఖాళీ అవుతుంది. బ్యాటరీ విడిగా దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుంది అన్నదే దాని ఆయుర్దాయం. తీగతో నడిచే పీపారకం బరువైనదే కాని, దీర్ఘకాలం నిలుస్తుంది. తడిపొడి రెండూ పీల్చే పీపాలలో ధర అందుబాటులో ఉండేవి చాలా ఉన్నాయి. వాటిలో హెపా వడపోత ఉన్నది మాత్రం వెదకి తీసుకోవాలి. ఇక రోబో. ఆ బల్లపరుపు యంత్రం సాధారణంగా రెండు సెంటీమీటర్ల ఎత్తును మించి ఎక్కలేదు. తెలుగువారి గడప ముందు అది నిలబడిపోతుంది. పైగా యజమాని లేని వేళ కుక్కపిల్ల నేలమీద చేసిన పనిని గుర్తించలేక దానిని నాలుగు గదులకూ శ్రద్ధగా పూసివచ్చిన రోబోల కథలు లోకమంతటా ఉన్నాయి. ఇంటిలో మలవిసర్జన అలవాటు కుదిరిన జంతువు, గడపలు లేని ఇల్లు ఉన్నవారికే రోబో.

ధ్వనిని కూడ లెక్కలోనికి తీసుకోవాలి. మనిషి చెవికి 20,000 హెర్ట్‌జ్ హద్దు కాగా కుక్క దాదాపు 45,000 వరకు, పిల్లి 64,000 వరకు వినగలవు. మనకు వినపడని కీచుధ్వని వాటికి వినపడుతుంది. యంత్రాన్ని కొన్ని రోజులు నడపకుండా గదిలో ఉంచి, తరువాత దూరపు గదిలో నడిపి, ఆపైన దగ్గరికి తేవడం వల్ల భయం తగ్గుతుంది.

అసలు కొనకపోయినా చెల్లే ఇండ్లు ఉన్నాయి. అంతా టైల్సే ఉండి, సోఫా, తివాచీ లేని రెండు గదుల ఇంటిలో రబ్బరు పండ్ల చీపురు, తడిబట్ట చాలు. తడిబట్ట పొట్టును లేపదు. కుర్చీ దిండ్ల మీది బొచ్చును తడిపిన రబ్బరు చేతితొడుగుతో ఒకవైపుకు రుద్దితే ఉండలుగా వచ్చేస్తుంది. పది వేల రూపాయలు వెచ్చించే శక్తి ఉన్నది కదా అని మాత్రమే యంత్రం కొనడం విజ్ఞత కాదు. ఆ సొమ్ములో కొంత బిడ్డను వైద్యునికి చూపించడానికి, కొంత కుక్కకు మంచి దువ్వెన కొనడానికి పోతే ఫలం ఎక్కువ. ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రిలో చూపించుకొంటే ఆయాసానికి నిజంగా జంతువే కారణమా, లేక దోమలచుట్టల పొగో, పరుపులోని సూక్ష్మకీటకాలో కారణమా అన్నది తేలడానికి వీలుంటుంది. జంతువును పడకగదిలోనికి రానీయకపోవడం ఏ యంత్రం కంటె కూడ మేలైన మొదటి చర్య.

వాడకంలో

దువ్వడం ఆరుబయట, యంత్రం నడపడానికి ముందు. దువ్వెనకు వచ్చిన ప్రతి బొచ్చుపిడికెడూ యంత్రానికి తగ్గిన పని. తరువాత పైనుంచి కిందికి: మొదట సోఫా, పరుపు, ఆఖరున నేల. దీపాలు పెట్టిన తరువాత ఊడ్వరాదన్న ఆచారం ఉన్నవారికి మధ్యాహ్నం అనుకూలం. బిడ్డ బడిలో ఉండే సమయమూ అదే, లేచిన కాస్త పొట్టు అతడు వచ్చేలోగా అణగుతుంది.

గడప ముందరి ముగ్గుపిండిని, పూజగదిలోని విభూతిని, కుంకుమను ఈ యంత్రంతో తీయరాదు. అవి వడపోత మడతలను బొచ్చు కంటె వేగంగా పూడ్చివేస్తాయి. పిల్లి ఇసుక దుమ్ము కూడ అటువంటిదే. బెంటొనైటు మట్టితో చేసినదైతే తడి తగలగానే బురదగా గట్టిపడుతుంది. పొడికి మాత్రమే ఉద్దేశించిన యంత్రంతో మూత్రపు తడిని పీల్చితే మోటారు పోవడమే కాదు, షాకు తగిలే ప్రమాదమున్నది. కడిగే వడపోత అయితే కడిగిన తరువాత పూర్తిగా ఆరేవరకు, సాధారణంగా ఒక పగలూ ఒక రాత్రీ, బిగించకూడదు. ఆశ్వయుజ కార్తీకాల ముసురులో రెండు రోజులైనా పడుతుంది. అందుచేత వడపోత రెండవది ఒకటి ఇంటిలో ఉంచుకోవాలి. తడి వడపోతకు బొచ్చు అంటితే వచ్చే వాసన కుక్క వాసన కంటె ఘోరం.

పిడుదులు పట్టిన కుక్క ఉన్నచోట సన్నమూతి గొట్టం ఎంతో ఉపయోగం. ఇక్కడివారు ఉణ్ణి అని పిలిచే ఈ పురుగు కుక్కను విడిచి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందులలో గుడ్లు పెడుతుంది. ఒక్క ఆడది వేల కొద్దీ పెట్టగలదు. సందులను పీల్పించిన వెంటనే డబ్బా ఖాళీ చేయాలి, ఎందుకంటే లోపల అవి బతికే ఉండవచ్చు. కుక్కకు పశువైద్యుడు సూచించిన మందు లేకుండా సందులను మాత్రమే శుభ్రపరచడం వల్ల అవి పోవు.

రశీదు, చెత్తబండి

కొనేటప్పుడు రశీదు తప్పక తీసుకోవాలి. మోటారుకు వారంటీ ఎన్నేళ్లో, బ్యాటరీకి ఎన్నేళ్లో విడివిడిగా రాయించుకోవాలి. రెండూ ఒకటి కావు. సర్వీసువారు కడత్తూరుకు వస్తారా, యంత్రాన్ని మోసుకొని పోవాలా అని అడగాలి. వడపోత ధర అడగాలి, దానిని సంవత్సరానికి రెండుసార్లు మార్చవలసి వస్తుందనుకొని లెక్కవేస్తే చవక యంత్రం అంత చవక కాదని కొన్నిసార్లు తేలుతుంది. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915.

డబ్బాలోని చెత్తకు కూడ ఒక క్రమం ఉన్నది. దువ్వెనకు వచ్చిన శుద్ధమైన బొచ్చు మెల్లగానైనా కుళ్లుతుంది. బండి మీద "మక్కుం కుప్పై" అని రాసి ఉండే పచ్చడబ్బాలో వేయవచ్చు. యంత్రంలోని దుమ్ములో బట్టల కృత్రిమ నూలు, ప్లాస్టిక్ తునకలు కలిసి ఉంటాయి కనుక దానిని పాతకాగితంలో పొట్లం కట్టి "మక్కాద కుప్పై"లో వేయాలి. పొట్లం కట్టకుండా పోస్తే అది పారిశుద్ధ్య కార్మికుని ముఖాన పడుతుంది. వీధిలో, కాలువలో పారవేయడం, తగులబెట్టడం ఘనవ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం నిషిద్ధం. కాలువలో పడిన బొచ్చు సబ్బునురుగుతో, నూనెజిడ్డుతో కలిసి తాడుగా పేనుకొని నీటిని ఆపుతుందని వానాకాలంలో ఆ వీధివారికి తెలియవస్తుంది. చెడిపోయిన యంత్రాన్ని, ముఖ్యంగా లిథియం బ్యాటరీని ఈ రెండు డబ్బాలలో దేనిలోనూ వేయరాదు. నలిగిన బ్యాటరీ బండిలోనే అంటుకోగలదు. దానిని ఈ-వ్యర్థాలు సేకరించేవారికి గాని, పాతదానికి బదులు కొత్తది ఇచ్చే దుకాణానికి గాని అప్పగించి, అప్పగించినట్లు చీటీ తీసుకోవాలి.